కాట్పాడిలో దిగే పాఠకుడి కోసం

వేలూరు

అమ్మణ్ణీ,

చదువుకుంటూనే సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టి, దానిమీద ప్రకటనలు వేయించుకుని ఇంటికి నాలుగు రూపాయలు తేవాలనే ఆలోచన గుడియాత్తంలో నీ ఒక్కదానికే రాలేదు. ఇంట్లో నెట్ కనెక్షనూ చేతిలో కాస్త తీరికా ఉన్న పిల్లలు చాలామంది ఇదే అడుగుతున్నారు. నెలకు ఎంత వస్తుందన్నది వాళ్ల మొదటి ప్రశ్న. ఆ డబ్బు ఎవరు కడతారు, ఎందుకు కడతారు అన్నది అంతకంటే ముందు తేలాలి. అది తేలితే మొదటి ప్రశ్నకు లెక్క నువ్వే కట్టుకోగలవు.

వెబ్ ప్రకటనల కథ 1994 అక్టోబరు 27 నుంచి చెప్పుకోవడం ఆనవాయితీ. అమెరికాలోని హాట్‌వైర్డ్ అనే సైటులో ఆ రోజు ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ బ్యానరు కనిపించింది. చూసిన వందమందిలో నలభై మందికి పైగా దాన్ని నొక్కారట. ఇప్పుడు మామూలు బ్యానరును వందకు ఒక్కరు నొక్కినా గొప్పే. తర్వాత 1998లో బిల్ గ్రాస్ నడిపిన గోటు.కామ్ కొత్త పద్ధతి తెచ్చింది. జనం వెతికే మాటలను వేలానికి పెట్టి, ప్రకటనను ఎవరైనా నొక్కితేనే సొమ్ము తీసుకుంది. 2000లో ప్రకటనదారుల కోసం గూగుల్ యాడ్‌వర్డ్స్ వచ్చింది, 2003 జూన్‌లో సైటు యజమానుల కోసం యాడ్‌సెన్స్ వచ్చింది.

నీలాంటి చిన్నవాళ్లకు దారి తెరిచింది ఈ యాడ్‌సెన్సే. అంతకుముందు సైటు పెట్టినవాళ్లు ప్రకటన కోసం కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగాల్సి వచ్చేది. తెలుగు సినిమా మీద జీవి 1999లో మొదలుపెట్టిన ఐడిల్‌బ్రెయిన్ ఆ కాలానిదే. యాడ్‌సెన్స్ వచ్చాక నాలుగు వరుసల కోడు పేజీలో అతికిస్తే చాలు, ప్రకటన తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అమిత్ అగర్వాల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాని, 2004లో ఆగ్రాలో కూర్చుని కంప్యూటర్ చిట్కాలు రాయడం మొదలుపెట్టి దానిమీదే బతకగలిగాడంటే ఆ ఏర్పాటు వల్లే. ఆయన పట్టుకున్నది మహానగరాన్ని కాదు. జనం రోజూ ఎక్కడ తడబడుతున్నారో చూసి, దానికి తేలిక మాటల్లో జవాబు రాశాడు.

లోపల జరిగేది ఇది. పాఠకుడు పేజీ తెరిచిన క్షణంలో, అది పూర్తిగా కనబడేలోపే ఒక వేలం జరిగిపోతుంది. పేజీలో ఉన్న విషయం, చదివేవాడు ఉన్న ఊరు, అంతకుముందు అతను వెతికినవి, వీటిని బట్టి ప్రకటనదారులు పాట పాడతారు. గెలిచినవాడి ప్రకటన కనిపిస్తుంది. పాఠకుడు నొక్కితే వచ్చే డబ్బే ఎక్కువగా ఉన్న పద్ధతిని 2024లో మార్చి, ప్రకటన కనిపించిన లెక్కన చెల్లించడం మొదలుపెట్టారు. ప్రకటనదారు పెట్టిన రూపాయిలో దాదాపు 68 పైసలు సైటు యజమానికి చేరతాయని గూగుల్ చెబుతోంది. ఖాతాలో పది డాలర్లు చేరాక నీ చిరునామాకు పోస్టులో పిన్ నంబరు వస్తుంది. అది నమోదు చేసి, వంద డాలర్లు దాటితే మరుసటి నెల 21కీ 26కీ మధ్య సొమ్ము పంపిస్తారు. ఖాతా తెరవడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే, వచ్చింది ఎంత చిన్న మొత్తమైనా అందులో చూపించాలి.

ఇప్పుడు లెక్క. వెయ్యిసార్లు పేజీ తెరిస్తే యాభై రూపాయలు వస్తాయనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. విషయాన్ని బట్టి, చదివేవాడి దేశాన్ని బట్టి ఇంతకు నాలుగింతలు రావచ్చు, నాలుగో వంతూ రావచ్చు. రోజుకు వెయ్యి పేజీలు చదివితే నెలకు ముప్పైవేల పేజీలు, అంటే పదిహేను వందల రూపాయలు. డొమైన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది, హోస్టింగ్ వేరే. రోజుకు వెయ్యిమంది రావడం తేలిక కాదు, ఏడాది రాసినా రాకపోవచ్చు. నెలకు లక్ష అని యూట్యూబులో ఊరించేవాళ్లు ఈ గుణకారం చూపించరు.

రేటు పెరగాలంటే పాఠకుడు ఏదో ఒక నిర్ణయం తీసుకునే ఘడియలో నీ పేజీకి రావాలి. సినిమా కబుర్లు చదివే లక్షమంది కన్నా బీమా, చదువు, ప్రయాణం, వైద్యం గురించి వెతికే పదివేలమంది కోసం ప్రకటనదారులు ఎక్కువ పాడతారు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి అమ్మానాన్నల కోసం వెతికే తెలుగువాళ్లు చదివితే రేటు ఇంకా మారుతుంది. తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ ప్రకటనలు వచ్చింది ఆలస్యంగా. 2014లో హిందీకి తలుపు తెరిచి, తమిళానికీ తెలుగుకీ 2018లో గానీ తెరవలేదు. తెలుగులో వేలం పాడేవాళ్లు ఇంగ్లీషులో కన్నా తక్కువే. కానీ తెలుగులో మంచి జవాబు రాసి పెట్టినవాళ్లు అంతకన్నా తక్కువ. నీకు చోటు దొరికేది అక్కడే.

ఆ చోటు నీ ఊరి పక్కనే ఉంది. 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, సి.ఎం.సి. చిత్తూరు, కడప, నెల్లూరు, ఇంకా ఎక్కడెక్కడి నుంచో తెలుగువాళ్లు ఫైళ్లు చంకన పెట్టుకుని కాట్పాడి జంక్షన్‌లో దిగుతారు. చాలామందికి తమిళం రాదు. బెంగాలు నుంచి వచ్చే రోగుల కోసం ఆస్పత్రి చుట్టుపక్కల వీధుల్లో బెంగాలీ బోర్డులు వెలిశాయి, బెంగాలీ మాట్లాడే లాడ్జీలు ఉన్నాయి. స్టేషన్ నుంచి ఆస్పత్రికి ఏ బస్సు, కొత్తగా పేరు నమోదుకు ఏ కాగితాలు, వంట చేసుకోవడానికి వీలున్న గది ఎక్కడ, రాత్రి పూట మందుల షాపు ఏది, తమిళంలో అడగాల్సిన పది మాటలు ఏవి, ఇవన్నీ నమ్మకంగా తేదీ వేసి తెలుగులో రాసి పెట్టే సైటు ఒకటి ఉండాలి. ప్రతి నెలా నువ్వే వెళ్లి చూసి సరిచేయాలి. గుడియాత్తం నుంచి రైలు ఎక్కితే కాట్పాడి ఎంతసేపు?

ఈ వెళ్లి చూడటమే నీ పెట్టుబడి. 2024 నుంచి గూగుల్ వెతుకులాటలో కృత్రిమ మేధ రాసిన సంక్షిప్త జవాబులు పైన కనిపిస్తున్నాయి. భారత్‌కూ ఆ ఏడే వచ్చాయి. నలుగురు రాసినది కలిపి రాసే సైటుకు పాఠకుడు రావాల్సిన పని అక్కడితో తీరిపోతుంది. అదే ఏడాది మార్చిలో, రాశి కోసం గుట్టలుగా రాసి పోసే పేజీలను వెతుకులాట నుంచి తీసేసే నియమం కూడా గూగుల్ పెట్టింది. గది అద్దె పోయిన వారం ఎంతకు పెరిగిందో మాత్రం ఆ వీధిలో నడిచిన మనిషే చెప్పగలడు. తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసీ, ఫోన్‌కు నోటితో చెప్పీ జనం వెతుకుతారు కాబట్టి, శీర్షికల్లో వాళ్లు అడిగే మాటలే పెట్టాలి.

వైద్యం గురించి రాయడం మాత్రం నీ పని కాదమ్మణ్ణీ. ఫలానా జబ్బుకు ఫలానా మందు అని ఒక్క వాక్యం కూడా రాయకు. దారి చూపించు, వైద్యం డాక్టరుకు వదిలెయ్. ఇంకో జాగ్రత్త అంతకన్నా ముఖ్యం. రోగుల కోసం రాసిన పేజీ మీదికి, రాత్రికి రాత్రి షుగరు తగ్గిస్తామనే ప్రకటనలు, క్యాన్సరుకు మూలికలంటూ వచ్చే ప్రకటనలు వాలతాయి. క్యాన్సరు, మధుమేహం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని మన దేశంలో నిషేధించిన చట్టం 1954 నాటిదే. అయినా ఇలాంటివి వస్తూనే ఉంటాయి. యాడ్‌సెన్స్‌లో ప్రకటనలను ఆపే మీటలు ఉన్నాయి. సున్నితమైన వర్గాలను ఒక్కసారిగా మూసేయవచ్చు, ఫలానా ప్రకటనదారును విడిగా ఆపేయవచ్చు. వారానికి ఒకసారి కూర్చుని వడకట్టు. ఆదాయం కొంత తగ్గుతుంది, తగ్గనీ. పొలం తాకట్టు పెట్టి వచ్చిన మనిషి నీ పేజీ చదివి ఆ మూలికల వలలో పడకూడదు.

ఇక మోసాల సంగతి. సొంత ప్రకటనను సొంతంగా నొక్కడం, స్నేహితులతో నొక్కించడం, దయచేసి నొక్కండి అని పేజీలో రాయడం, అన్నీ నియమాలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతా మూసి, సొమ్మును ప్రకటనదారులకు వెనక్కి ఇచ్చేస్తారు. నొక్కితే డబ్బు అని ఎదురు పిలిచేవాళ్లు మరో జాతి. 2017 ఫిబ్రవరిలో నోయిడాలో బయటపడిన సోషల్ ట్రేడ్ వ్యవహారంలో ముందు వేలల్లో రుసుము కట్టించుకుని, ఒక్కో క్లిక్‌కు అయిదు రూపాయలు ఇస్తామన్నారు. లక్షలమంది నుంచి 3,700 కోట్ల రూపాయలు పోగేశారని పోలీసులు చెప్పారు. ప్రకటనలు చూస్తే ఆదాయమన్న కోయంబత్తూరు మైవీ3 యాడ్స్ మీద 2024లో కేసు నమోదైంది. డబ్బు రావడానికి ముందు డబ్బు కట్టమన్నవాడి దగ్గర నువ్వు ఉద్యోగివి కావు, సరుకువి. ఈ మాట మీ క్లాసులో పిల్లలకు కూడా చెప్పు.

గూగుల్ వేలం ఒక్కటే దారి కూడా కాదు. గోడ మీద సినిమా పోస్టరుకు ఇంటాయన అద్దె తీసుకున్నట్టే, పేజీలో ఒక చోటును నెల అద్దెకు స్థానికంగా ఇవ్వవచ్చు. గుడియాత్తం లుంగీలకు దేశమంతా పేరు. చేతిమగ్గం లుంగీకీ పవర్‌లూమ్ లుంగీకీ తేడా ఎలా పట్టాలి, రంగు దిగకుండా ఎలా ఉతకాలి, టోకున కొనాలంటే ఎవరిని అడగాలి అని తెలుగులో రాసి, మదనపల్లె, పలమనేరు వ్యాపారులు చదివేలా చేస్తే, లుంగీ దుకాణాలవాళ్లే ప్రకటన ఇస్తామని వస్తారు. మధ్యవర్తి ఉండడు, రేటు నువ్వే చెప్పుకోవచ్చు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన వేలూరు ముళ్ల వంకాయ మీద కూడా ఇలాగే రాయవచ్చు. డబ్బు తీసుకుని రాసిన ప్రతిదానికీ పైన ‘ప్రకటన’ అని స్పష్టంగా వేయాలి. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఒకసారి చదువు.

డబ్బు ఊసే లేని సైటులూ ఉన్నాయని మరచిపోకు. విదేశాల్లోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట సాహిత్య పత్రిక లాభం చూడకుండా ఇన్నేళ్లు నడుస్తోంది. నీ సైటులోనూ కొన్ని పేజీలు అలాగే ఉండనీ. కొత్తగా వచ్చిన రోగికి ఫోన్ నంబర్ల పట్టిక, అత్యవసర పేజీ, వీటిమీద ఒక్క ప్రకటన కూడా పెట్టవద్దు.

ఇక పని. మొదట ప్రకటన కోడు అతికించకు. కాట్పాడికి వెళ్లి, దిగేవాళ్లను అడిగి, వాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారో నోటుపుస్తకంలో రాసుకో. వాటికి జవాబుగా పదిహేను పేజీలు రాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు నమోదు చేసి, జనం ఏ మాటలతో వస్తున్నారో వారం వారం చూడు. పాఠకులు నిలకడగా వస్తున్నారని తేలాక యాడ్‌సెన్స్‌కు దరఖాస్తు చెయ్. వైశాఖంలో గంగమ్మ శిరస్సు జాతరకు మామ ఊరొచ్చేసరికి ఆ నోటుపుస్తకమూ పదిహేను పేజీలూ సిద్ధంగా పెట్టు. తప్పులు దిద్దడానికి ఎర్రసిరా పెన్ను మామే తెస్తాడు.


పెద్దమామ