నల్ల ఈగలుంటే నీళ్లు శుభ్రమేనా?

అమ్మలూ,

వాగులో రాయి తిప్పి చూస్తే నల్ల ఈగ లార్వాలు గుంపులుగా కనిపించాయని, అంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టేనా అని అడిగావు. అప్పుడే ఆ మాట నోట్‌బుక్కులో రాసేయకు.

ఈ లార్వా పారే నీటిలోనే బతుకుతుంది. నోటినుంచి పట్టుదారం తీసి రాయి మీద చిన్న మెత్త అల్లుకుంటుంది. ఒంటి చివరి కొక్కేలను దానికి తగిలించి, తల మీది రెండు విసనకర్రలు విప్పుతుంది. కొట్టుకొచ్చే నాచు, బాక్టీరియా, కుళ్లిన ఆకుల పొడి వాటిలో చిక్కుతాయి. అదే తిండి. గట్టున చెట్లు కొట్టేసి ఒండ్రు దిగిందా, రాయి మీద పట్టు దొరకదు. మురుగు మరీ ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు. మరి కొద్దిపాటి పేడ, ఎరువు కలిస్తే? తిండి పెరుగుతుంది. ఓర్చుకోగల ఒకటి రెండు జాతులు విజృంభిస్తాయి, సుకుమారమైనవి తప్పుకుంటాయి. లెక్క పెరిగి రకాలు తగ్గుతాయన్నమాట. నీటి పురుగులను బట్టి నీటి శుభ్రతకు మార్కులు వేసే, బ్రిటన్‌లో వాడిన బీఎండబ్ల్యూపీ పట్టిక నల్ల ఈగల కుటుంబానికి పదికి 5 మార్కులే వేసింది. రెండు వేలకు పైగా జాతులున్న కుటుంబానికంతటికీ ఒకటే మార్కు! మోటు లెక్కే.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో కథ ఇంకో దారి పట్టింది. గనుల ఆమ్లం, ఫ్యాక్టరీల మురుగు కలిసి పాడైన సస్క్వెహానా లాంటి నదులు, 1972 నాటి స్వచ్ఛ జల చట్టం తర్వాత తేరుకున్నాయి. వాటితో పాటే సిములియం జెన్నింగ్సీ అనే ఈగా పెరిగింది. జనం ఆరుబయట కూర్చోలేక గోల పెడితే, ప్రభుత్వం హెలికాప్టర్ల నుంచి బీటీఐ అనే బాక్టీరియా మందు చల్లించసాగింది.

ఈ ఈగలు ఎన్ని ఉంటాయన్నది నీటి శుభ్రత కన్నా నీటి నడకే ఎక్కువ నిర్ణయిస్తుందని నా నమ్మకం. డాన్యూబ్ నది ఇరుకు లోయల్లోని ఉరవడిలో పెరిగిన గోలుబాట్స్ అనే నల్ల ఈగ 1923లో రుమేనియాలో వేలాది పశువులను బలిగొంది. 1972లో ఐరన్ గేట్స్ ఆనకట్ట పూర్తయి ఆ ఉరవడి జలాశయం కింద మునిగాక ఆ బెడద తీరిపోయింది. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది మీద 1970లలో కట్టిన ఆనకట్టలు సరిగ్గా దీనికి తలకిందుగా చేశాయి. అంతకు ముందు చలికాలంలో నది సన్నబడి, రాళ్లు ఎండి, లార్వాలు చచ్చేవి. కరెంటుకూ సాగుకూ ఏడాది పొడవునా నీళ్లు వదలడంతో ఆ రాళ్లు తడారడం మానేశాయి. సిములియం చట్టరీ అనే నల్ల ఈగ దండు కట్టి గొర్రెల మందలను పీడించింది. పశ్చిమాఫ్రికాలోనైతే చిన్న ఆనకట్టల అలుగుల మీది సిమెంటే, చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్ జబ్బును మోసే నల్ల ఈగకు పుట్టిల్లయింది.

ఈసారి వాగుకు వెళ్లినప్పుడు లార్వాలతో పాటు, రాళ్లకు అంటుకున్న చెప్పు ఆకారపు గూళ్లలోని ప్యూపాలనూ ఆల్కహాల్ సీసాలో వేసుకో. వాటి మొప్పల దారాలు ఎన్ని కొమ్మలుగా చీలాయో చూస్తే జాతి గుర్తించడం తేలికవుతుంది. ఎగువన ఆనకట్ట ఉందా, పశువులు ఎక్కడ దిగుతున్నాయి, ఏ నెలల్లో రాళ్లు ఎండుతున్నాయి అన్నవి ఊళ్లో పెద్దవాళ్లనడిగి అదే పేజీలో రాసుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న