ప్రశ్నలు - జవాబులు: ఇంట్లో జ్వరం, పంజరంలో చిలుక

బీదర్‌లో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ నాలుగూ ఒకే వీధిలో వినిపిస్తాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడినా పంజరంలో పక్షి పేరు మాత్రం తరచూ మిఠ్ఠూయే. జలుబులు, జ్వరాలు ఇల్లిల్లూ తిరుగుతున్న ఈ రోజుల్లో ఆ మిఠ్ఠూల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఇవీ జవాబులు.

ప్రశ్న: ఇంట్లో అందరికీ జలుబు, దగ్గు. పంజరం హాల్లోనే ఉంది. చిలుకకూ అంటుకుంటుందా?

జవాబు: మనుషుల మధ్య తిరిగే మామూలు జలుబు వైరస్‌లకు చిలుక ఒంట్లో సాధారణంగా పట్టు దొరకదు. కోవిడ్ కాలంలో కోళ్లు, బాతుల మీద పరీక్షలు చేస్తే వాటికి ఆ వైరస్ సోకలేదు. అలాగని మనిషి జబ్బు జంతువుకు రానే రాదనుకోవడం పొరపాటు. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. ఏ క్రిమి ఏ ప్రాణికి పడుతుందన్నది దాని దాని లెక్క.

చిలుక విషయంలో జలుబు కంటే భయపడాల్సింది మనిషి ఎంగిలికి. ముద్దుకొద్దీ పెదవుల మధ్య జామముక్క పట్టుకుని పక్షికి అందించడం, నమిలిన అన్నం పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. మన నోట్లో మనకేమీ చేయని కొన్ని బ్యాక్టీరియా, బూజు జాతి క్రిములు చిలుక గొంతులో, పేగుల్లో జబ్బు తెస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడూ ఇది మంచి అలవాటు కాదు, జ్వరం రోజుల్లో అసలే వద్దు. గింజలు, నీళ్లు మార్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దగ్గు తగ్గేదాకా ముక్కుకూ నోటికీ మాస్కు ఉండాలి.

ప్రశ్న: మా మామగారికి టీబీ అని తేలింది. చిలుక రోజంతా ఆయన భుజం మీదే ఉంటుంది.

జవాబు: ఈ ఉత్తరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మనిషి నుంచి చిలుకకు వచ్చినట్టు గట్టిగా రుజువైన జబ్బుల్లో క్షయ ఒకటి. అమెరికాలో ఒక మకావ్ చిలుకకు క్షయ సోకిన సంగతి 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. దాన్ని పెంచినవాళ్లకు అంతకు కొన్నేళ్ల ముందే క్షయ వచ్చింది. అంటే పక్షిలో జబ్బు బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు.

కాబట్టి డాక్టరు ఇక ఆయన నుంచి ఇతరులకు సోకదని చెప్పేదాకా చిలుక వేరే గదిలో ఉండాలి, దాని పనులు మరొకరు చూడాలి. పెద్దాయనకు ఇది కష్టమే. గది తలుపు దగ్గర నుంచి పేరు పెట్టి పిలిస్తే చిలుక పలుకుతుంది, ఆ మాత్రం మాటామంతీ ఉండనివ్వాలి. మందులు ఆరు నెలలూ మానకుండా వేసుకోవడమే ఆయనకూ, చిలుకకూ రక్షణ. ఆ తర్వాత కూడా పక్షి తల మీద, ముక్కు చుట్టూ గడ్డలు కనిపించినా, తింటూనే చిక్కిపోతున్నా పశువైద్యుడికి పాత సంగతంతా చెప్పాలి. ఆయన టీబీ మాత్రలు పొడి చేసి పక్షికి పోయడం మాత్రం ఎంత మాత్రం కూడదు.

ప్రశ్న: పడిశం పడితే ఆవిరి పట్టి, గదిలో సాంబ్రాణి వేస్తాం. చిలుకకూ మంచిదేనా?

జవాబు: కాదు. యజమాని జబ్బుపడ్డ ఇంట్లో క్రిమి కంటే ముందు చిలుకకు హాని చేసేది చాలాసార్లు పొగే. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులు ఉంటాయి, చాలా పక్షుల్లో తొమ్మిది. లోపలికి వెళ్లిన గాలిలో ఏమున్నా మనకంటే త్వరగా దాని రక్తంలో కలుస్తుంది. విషవాయువును పసిగట్టడానికి బ్రిటన్ బొగ్గు గనుల్లోకి 1986 దాకా కానరీ పిట్టలను తీసుకెళ్లింది ఇందుకే.

ఆవిరి నీళ్లలో వేసే బామ్, నీలగిరి తైలం, సాంబ్రాణి, దోమల చుట్ట, అగరుబత్తి, బీడీ, ఇవేవీ పంజరం ఉన్న గదిలో వద్దు. ఛాతీకి బామ్ రాసుకున్న చేత్తో పక్షిని పట్టుకోకూడదు. ఇంకొకటి: జ్వరంతో ఉన్న మనిషి నాన్‌స్టిక్ గిన్నెను పొయ్యి మీద పెట్టి ఒరిగి కునుకు తీస్తే, ఖాళీ గిన్నె మాడి వచ్చే ఆవిరికి పక్క గదిలో చిలుక నిమిషాల్లో చచ్చిపోవచ్చు. జావ స్టీలు గిన్నెలోనే కాచుకోవాలి.

ప్రశ్న: వారం రోజులు మంచం మీదే ఉన్నాను. లేచి చూస్తే లవ్‌బర్డ్ ముడుచుకుని కూర్చుంది. జబ్బేనా?

జవాబు: మన దుకాణాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జెరిగార్ జాతి పిట్టలు. వేటాడే జంతువుల కంట పడకుండా బతికే జాతి కాబట్టి ఓపిక ఉన్నంతసేపు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించి కూర్చోవడం, కర్ర దిగి పంజరం అడుగున ఉండటం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగడం, ఇవి కనిపించేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. మర్నాడు చూద్దామనుకోవడానికి వీల్లేదు.

ముందే పట్టుకునే మార్గం వంటింటి త్రాసు. బడ్జెరిగార్ బరువు సాధారణంగా 30 నుంచి 40 గ్రాములు. 35 గ్రాముల పిట్ట మూడున్నర గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. అది చిన్న చెంచాడు పంచదార బరువు, ఈకల కింద కంటికి ఆనదు. రోజూ పొద్దున గింజలు వేయకముందే తూచి క్యాలెండరు మీద రాసుకుంటే తెలిసిపోతుంది. పంజరం కింద పరిచిన కాగితాన్నీ చూడాలి. మంచి రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చ లేదా గోధుమరంగు చుట్ట, దాని మీద తెల్లని సున్నం లాంటి ముద్ద, చుట్టూ కొద్దిగా నీరు. తెలుపు పసుపుగానో పచ్చగానో మారినా, రెట్టలు సగానికి తగ్గినా ఆగకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా పంజరానికి మూడు వైపులా దుప్పటి కప్పి వెచ్చగా ఉంచాలి. బీదర్ చలికాలంలో ఇది మరీ అవసరం. పారాసిటమాల్ చుక్క కూడా పోయకూడదు. అసలు మంచాన పడకముందే ఇంట్లో ఇంకొకరికి గింజల కొలత, నీళ్లు మార్చే వేళ నేర్పి ఉంచాలి. ఒక్కరి చేతి మీదే బతికే పక్షి, ఆ ఒక్కరూ పడుకుంటే పస్తుంటుంది.

ప్రశ్న: దగ్గు నాకే ముందు వచ్చింది. చిలుక నుంచి వచ్చి ఉండవచ్చా?

జవాబు: ఉండవచ్చు. సిటకోసిస్ అనే చిలుక జ్వరం రెట్టల దుమ్ము పీల్చడం వల్ల మనిషికి వస్తుంది. 1929 చివర అర్జెంటీనా నుంచి వెళ్లిన చిలుకలతో ఇది అమెరికా, యూరప్‌లలో వ్యాపించడంతో, 1930 జనవరిలో అమెరికా చిలుకల దిగుమతినే ఆపేసింది. తలనొప్పి, జ్వరం, పొడి దగ్గు దాని లక్షణాలు, మామూలు ఫ్లూలాగే ఉంటాయి. దీనికి డాక్సీసైక్లిన్ వంటి మంచి మందులున్నాయి, కానీ ఇంట్లో చిలుక ఉందని చెప్పకపోతే డాక్టరుకు ఆ ఆలోచనే రాదు. అడగకపోయినా చెప్పాలి. పంజరాన్ని పొడిగా ఊడవకుండా తడిపి తుడవాలి.

ప్రశ్న: మాది రామచిలుక. పెంచకూడదంటారు. డాక్టరుకు చూపించాలంటే భయం.

జవాబు: మన అడవి జాతి చిలుకలను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అయినా ఆ భయంతో జబ్బు పక్షిని మూల దాచడం దానికి రెండో శిక్ష. ముందు వైద్యం చేయించి, తర్వాత అటవీ శాఖను సంప్రదించాలి. రెక్కలు కత్తిరించి చేతి మీద పెరిగినదాన్ని కిటికీ తీసి వదిలేస్తే పిల్లికో గద్దకో ఆహారమవుతుంది. పశువైద్య విశ్వవిద్యాలయం బీదర్‌లోనే నందినగర్‌లో ఉంది, అక్కడ పక్షులను ఎప్పుడు చూస్తారో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరాలి. బయల్దేరే ముందు పంజరాన్ని కడిగి ముస్తాబు చేయకుండా, రెండు రోజుల రెట్టలున్న కింది కాగితంతో సహా అలాగే తీసుకెళ్లాలి. వాటిని చూసే డాక్టరు చాలా సంగతులు చెప్పగలరు.