బిందు సేద్య నియంత్రణలో గడిచిన కాలపు లెక్క

కర్ణాటకలోని రాజోలిబండ ఆనకట్ట నుండి వచ్చే ఆర్డీఎస్ కాలువకు తెలంగాణలో 87,500 ఎకరాల ఆయకట్టు నిర్ణయించబడింది. చివరి భూములకు నీరు చాలకపోవడం పాత సమస్యే. కాబట్టి మానవపాడు ప్రాంతపు మిర్చి, పత్తి పొలాలలో బోరునీటిని పొదుపుగా వాడుకొనే బిందు సేద్యానికి ప్రాధాన్యం ఉంది. వాల్వులు తెరచి మూసే పనిని పీఎల్‌సీ వంటి కంట్రోలర్‌కు అప్పగించినప్పుడు నీటి మోతాదు నిమిషాల లెక్కగా మారుతుంది. ఆ లెక్క తప్పితే మోతాదూ తప్పుతుంది.

మిర్చిలో లాటరల్ గొట్టాల మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెం.మీ. దూరం ఉండి, ఒక్కొక్క డ్రిప్పరు గంటకు 2 లీటర్లు విడిచినచో గంటకు 4.17 మి.మీ. నీరు పడుతుంది. పైరుకు 5 మి.మీ. అవసరమనీ, పద్ధతి సామర్థ్యం 90 శాతమనీ తీసుకుంటే 80 నిమిషాలు పారించాలి. 50వ నిమిషంలో విద్యుత్తు పోయి మళ్లీ వచ్చిందనుకుందాం. మిగిలినవి 30 నిమిషాలే. కాని కంట్రోలర్ మొదటినుండి 80 నిమిషాలు లెక్కించినచో ఎకరాకు సుమారు 14 వేల లీటర్లు అదనంగా పోతాయి. ఎరువును నీటితో కలిపి ఇచ్చే రోజున ఇది జరిగితే నైట్రేటు రూపంలోని నత్రజని వేరుమండలం దాటి దిగిపోతుంది. నల్లరేగడిలో తేమ ఎక్కువై వేరుకుళ్లుకూ అవకాశం ఏర్పడుతుంది.

ఈ పొరపాటుకు మూలం టైమరు ఎంపికలో ఉంది. పీఎల్‌సీ భాషలకు ప్రమాణమైన ఐఈసీ 61131-3 (తొలి ప్రచురణ 1993) నిర్వచించిన టీఓఎన్ టైమరు, తనకు అందే సంకేతం ఆగిన వెంటనే గడిచిన కాలాన్ని సున్నాకు తెస్తుంది. మోటారు రక్షణకు ఇది తగినదే. నీటి మోతాదుకు తగదు. ఆగినచోటి నుండి లెక్క కొనసాగించే రిటెంటివ్ టైమరును వాడాలి. కంట్రోలర్‌కే విద్యుత్తు పోయే అవకాశం ఉన్నచోట ఆ విలువను చెరగని మెమరీలో ఉంచాలి. టైమరుకు వాల్వు ఆదేశాన్ని కాక, గొట్టంలో ఒత్తిడి ఉన్నదని తెలిపే ప్రెషర్ స్విచ్ సంకేతాన్ని ఇవ్వడం మేలు. అప్పుడు నీరు పారిన కాలమే లెక్కకు వస్తుంది.

గడియారపు వేళలను నేరుగా తీసివేయడం రాత్రి తడులలో చిక్కు తెస్తుంది. 23:30కి మొదలై 00:50కి ముగిసిన తడికి ఆ లెక్క ప్రకారం రుణ సంఖ్య వస్తుంది. మిల్లీసెకన్ల కౌంటరు వాడితే ఈ ఇబ్బంది లేదు. అయితే 32 బిట్ల కౌంటరు 4,294,967,295 తరువాత సున్నాకు తిరుగుతుంది. అంటే సుమారు 49.7 రోజులకు ఒకసారి. ఆరు నెలలు పొలంలో ఉండే మిర్చికి ఇది ఒక్క పంటలోనే మూడుసార్లు ఎదురవుతుంది. ‘మొదలైన సమయం + 80 నిమిషాలు’ అని ముగింపు వేళను ముందే కట్టి పోల్చే ప్రోగ్రాం, తిరుగుడు సమీపించినప్పుడు వాల్వును వెంటనే మూసివేయగలదు. ఆ రోజు తడి అందదు, కారణమూ దొరకదు. ‘ఇప్పటి విలువ – మొదటి విలువ’ను గుర్తులేని పూర్ణాంకాలుగా తీసివేసి 80 నిమిషాలతో పోల్చినచో ఫలితం సరిగానే వస్తుంది. గోడగడియారంలో 11 నుండి 2కు మూడు గంటలని మనం లెక్కించే తీరూ ఇదే.

స్కాన్ల సంఖ్యతో కాలాన్ని కట్టే పద్ధతిని నేను సిఫారసు చేయను. ఒక్కో స్కాన్‌కు 10.6 మిల్లీసెకన్లు పడుతుండగా 10గా లెక్కిస్తే, 80 నిమిషాల తడి దాదాపు 85 నిమిషాలు సాగుతుంది.

కొత్త కంట్రోలర్‌ను ఎరువు కలపని నీటితో ముందుగా పరీక్షించాలి. 10 నిమిషాల తడి పెట్టి, 4వ నిమిషంలో సరఫరా ఆపి, 3 నిమిషాల తరువాత తిరిగి ఇవ్వండి. అక్కడినుండి 6 నిమిషాలకు వాల్వు మూసుకుంటే లెక్క సరైనదే. 10 నిమిషాలు పారితే టైమరు సున్నాకు చేరినట్లు. 3 నిమిషాలకే మూసుకుంటే నీరు లేని కాలాన్నీ తడిగా లెక్కించినట్లు. ఇదే పరీక్షను అర్ధరాత్రి దాటే తడితోనూ ఒకసారి చేసి, రెండుసార్లూ వాటర్ మీటరు రీడింగును నమోదు చేయాలి.