ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు చూడండి

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో మళ్లీ నటి సావిత్రి జీవితకథతో తీసిన ‘మహానటి’ పెట్టుకున్నాం. అమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ‘మాయాబజార్’ షూటింగ్ ఘట్టం వచ్చేసరికి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. “అచ్చం సావిత్రేనే!” అంది.

ఆ ‘అచ్చం’ అన్న మాట నన్ను పట్టుకుంది. అసలు ఆ ఘట్టం ఎంత కష్టమైందో చూడండి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వస్తాడు. సావిత్రి ఆడపిల్ల ఒంటితోనే ఎస్వీ రంగారావు గారి దర్పం చూపించింది. మరి ‘మహానటి’లో సావిత్రిగా వేసిన కీర్తి సురేశ్ ఏం చెయ్యాలి? రంగారావు గారిని కాదు, ఆయన్ని అనుకరిస్తున్న సావిత్రిని చెయ్యాలి. ఆ భుజాల విరుపు వెనక సావిత్రి సరదా కూడా కనిపించాలి. కనిపించింది కూడా! జాతీయ ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు.

కానీ పోలికే గొప్పదనుకుంటే చిత్తూరు నాగయ్య గారి మాటేమిటి? 1940లలో పోతన, త్యాగయ్య, వేమన, ముగ్గురూ ఆయనే. పోతన, వేమన ఎలా ఉండేవాళ్లో చూసినవాళ్లెవరు? ఫొటోలా, పాడా! అయినా మన పెద్దవాళ్లు వేమన అనగానే నాగయ్య గారినే తలుచుకునేవాళ్లు. ఇటు 1985లో వచ్చిన ‘మయూరి’ చూడండి. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టిన సుధా చంద్రన్ తన కథలో తనే నటించింది. పోలిక అక్కడ లెక్కలోకే రాదు. తను పడ్డ బాధను కెమెరా ముందు మళ్లీ పడటానికి ఎంత గుండె కావాలో!

అందుకే పోలికను పక్కన పెట్టి నేను పెట్టుకున్న కొలత ఒకటే. ప్రధాన పాత్రధారిని తను మాట్లాడేటప్పుడు కాదు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు చూస్తాను. వినడం వచ్చిన నటుడికి అన్నీ వచ్చినట్టే.

‘శంకరాభరణం’ చివరి కచేరీ గుర్తుందా? డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన జె.వి. సోమయాజులు గారు శంకరశాస్త్రి అయ్యారు. పాడిన గొంతు బాలు గారిది. కానీ పాట మధ్యలో శాస్త్రిగారు ఆగిపోయి, ఒక పసివాడు అందుకుని పాడుతుంటే, వింటున్న ఆ ముఖం పూర్తిగా సోమయాజులు గారిదే. డైలాగు లేదు, పాట లేదు. అయినా నాకు ఆ సినిమా అంతా ఆ వినడంలోనే ఉంది.

‘మహానటి’లోనూ అంతే. సావిత్రి భర్త జెమినీ గణేశన్‌గా దుల్కర్ సల్మాన్ మాట్లాడుతుంటే కీర్తి కళ్లు చూడండి. మొదట్లో ఆయన ఏం చెప్పినా నమ్మే కళ్లు. తర్వాత ఆ గొంతే వింటూ, మాట పూర్తికాకముందే నిజం పసిగట్టే కళ్లు. నన్ను ఏడిపించింది అదీ.

కొన్ని జీవితకథల సినిమాల మీద నా బాధ కూడా ఇదే. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్కటీ వదలకూడదన్న తొందరలో, పాత్రధారికి నిమ్మళంగా కూర్చుని వినే తీరిక ఇవ్వరు. గెటప్‌లు మారుతుంటాయి, మనిషి మాత్రం మనకు దగ్గర కాడు.

సినిమా అయ్యాక అమ్మని అడిగాను, “అచ్చం అన్నావు, ముక్కూ మొహం కలిశాయా?” అని. “ముక్కూ మొహం ఎవరిక్కావాలే? ఎదుటివాళ్లు చెప్పేది గుండెతో వినేది సావిత్రి. ఈ పిల్లా అలాగే వింది” అంటూ చిక్కుడుకాయల చాట దగ్గరికి లాక్కుంది.

ఈసారి మీకిష్టమైన సినిమా ఏదైనా పెట్టుకుని, మాట్లాడే మనిషిని వదిలేసి వినే మనిషినే చూడండి. మీ గుండెల్లో నిలిచిన ముఖం ఎవరిదో నాకు ఉత్తరం రాయండి. ఎదురుచూస్తుంటాను.