నాగియోస్‌ను చూసి బెదరక్కర్లేదు

ప్రశ్న: కొత్తగా ఉద్యోగంలో చేరాను. సర్వర్లను గమనించే నాగియోస్ చూసుకోమన్నారు. తెరనిండా ఎరుపు, పసుపు గళ్లే. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మిమ్మల్ని బెదరగొడుతున్నది ఆ తెరే. నిజానికి నాగియోస్ తనంతట తాను ఏదీ కొలవదు. ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాంను నడిపి, అది ఇచ్చే అంకె చూస్తుంది: 0 అయితే బాగుంది, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 తెలియదు. అందుకే డిస్కు ఖాళీని చూసే ప్లగిన్‌ను టెర్మినల్‌లో మీరే నడపండి. ఆ వెంటనే ఎకో, డాలరు, ప్రశ్నార్థకం కొడితే ఆ అంకె కనబడుతుంది. ప్లగిన్‌కు ఇచ్చే హెచ్చరిక, ప్రమాద హద్దులు మార్చి మళ్లీ నడిపి, 0 కాస్తా 2 కావడం చూడండి. ముందు మాన్యువల్ అంతా చదవొద్దా అంటారేమో. అక్కర్లేదు, ఒక్క తనిఖీ అర్థమైతే మిగతావీ ఆ వరసే. ఈ సాధన పరీక్ష మెషీన్ మీదే చేయండి. అసలు సర్వర్ ఎర్రబడినా, అలర్టులు ఉన్నట్టుండి ఆగిపోయినా (నన్నడిగితే రెండోదే ఎక్కువ అనుమానించాలి) వెంటనే సీనియర్‌ను పిలవండి.