ఐదో తారీఖు, పదకొండో నెల

మా కొట్లో 12 సీసాల బీరు కేసు 18 డాలర్లు. నాకు గంటకి 15. గంటన్నర జీతం కూడా చెయ్యని ఆ బీరు దగ్గర నా ఉద్యోగం ఊడినంత పనయింది. ఈ ఆగస్టులో బందరు నుంచో గుడివాడ నుంచో ఆవకాయ డబ్బాలకి ప్లాస్టర్లు చుట్టుకుని బయల్దేరే పిల్లలకి ముందే ఒక మాట చెవిన వేద్దామని రాస్తున్నాను.

నాది దివిసీమలోని అవనిగడ్డ. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. ఒక సూపర్‌మార్కెట్లో క్యాషియర్ని. కిందటేడు ఆగస్టులో ఒక శనివారం ఇంటికి నలుగురు భోజనానికి వస్తున్నారు. ఆ రోజు నాకు సెలవు. గుడివాడలో మా పెద్దమ్మ మనవడు ఒకడు, నన్ను పిన్నీ అంటాడు, ఎమ్మెస్‌కి వచ్చి అప్పటికి పది రోజులు. సామాను మోస్తాడని వాణ్ణి వెంటబెట్టుకుని మా కొట్టుకే వెళ్ళాను. కొత్తిమీర, పెరుగు, పది పౌండ్ల చికెన్, మా ఆయన చెప్పిన బీరు కేసు. కేసు బరువుగా ఉందని వాణ్ణే ఎత్తి బెల్టు మీద పెట్టమన్నాను.

కౌంటర్లో ఉన్నది రోజూ నా పక్కన నిలబడి పనిచేసే అమ్మాయే. నా ఐడీ చూసింది, వాడిదీ అడిగింది. వాడు పాస్‌పోర్ట్ తీసిచ్చాడు. పుట్టిన తేదీ 05/11/2004. ఆ అమ్మాయి అమెరికా అలవాటు కొద్దీ ముందున్నది నెల అనుకుని మే 11 కొట్టింది. మే 11 అయితే వాడికి 21 నిండి మూడు నెలలు. రిజిస్టరు సరేనంది. మన పాస్‌పోర్ట్ మీద ముందు వేసేది తారీఖు. వాడు పుట్టింది నవంబరు 5న. వాడి బారసాలకి గుడివాడ వెళ్ళి ఉయ్యాల ఊపి వచ్చినదాన్ని నేను. ఇంకా మూడు నెలలు తక్కువ.

నాకు తెలుసు. నోరెత్తలేదు. తాగేది వాడు కాదుగా అనుకున్నాను. వెనక లైన్లో ఇంకో ముగ్గురు బండ్లు పట్టుకుని చూస్తున్నారు. ఇంట్లో పొయ్యి మీద ఏమీ పెట్టలేదు.

అంతలో పక్క కౌంటరు దగ్గరున్న సూపర్‌వైజరు, కేరళాయన, తొంగిచూశాడు. ఇది ఇండియా పాస్‌పోర్ట్, తారీఖు ముందుంటుంది అని బిల్లు ఆపేశాడు. బీరు వెనక్కి పోయింది. సోమవారం మేనేజరు పిలిచి ఒకటే అడిగింది: ఆ కుర్రాడు ఎప్పుడు పుట్టాడో నీకు తెలుసా? తెలుసన్నాను. హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే పనిలోంచి తీసేస్తారు. కౌంటర్లో ఉన్న ఆ అమ్మాయి చేతా అదే సంతకం. ఆ పిల్ల పొరపాటుగా చదివింది, నేను తెలిసి ఊరుకున్నాను, ఇద్దరికీ ఒకే కాగితం. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదంతా అతిగా కనిపిస్తుంది. నిజానికి ఆంధ్రాలోనూ చట్టం 21 ఏళ్ళే అంటుంది. కానీ 2019లో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్ళినప్పుడు గానీ, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు వాళ్ళకి వచ్చాక గానీ, బ్రాందీ షాపు కిటికీలోంచి నీకెన్నేళ్ళురా అని ఎవరైనా అడిగినట్టు మా దివిసీమలో నేను వినలేదు. నిమ్మకూరులో పుట్టి గుడివాడ నుంచి గెలిచిన ఎన్టీఆర్ 1995లో మద్యం మొత్తానికే నిషేధించాడు, 1997లో ఆ నిషేధం సడలింది. అప్పుడూ ఇప్పుడూ మన రభసంతా సీసా మీదా దాని ధర మీదా. కొనేవాడి వయసు ఎవరికీ పట్టలేదు. మా వీధిలో మగపిల్లల్ని సిగరెట్లకీ సోడాకీ బడ్డీకొట్టుకి తరిమేవాళ్ళు, మిగిలిన చిల్లర వాడికే. చిన్నవాడి చేత పని చేయించుకోవడం మనకి తప్పుగా తోచదు. ఆ రోజు కేసు ఎత్తమని నేను వాడికి చెప్పింది ఆ అలవాటులోంచే.

అమెరికాలో 21 అన్న గీత 1984 నాటి ఫెడరల్ చట్టంతో గట్టిపడింది. ఆ వయసు పెట్టని రాష్ట్రాలకి రోడ్ల నిధుల్లో కోత వేస్తామన్నారు, 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. టెక్సస్‌లో 21 నిండనివాళ్ళకి మద్యం అమ్మినా, కొనిచ్చినా, తాగమని చేతికిచ్చినా 4,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. కొనిచ్చినవాళ్ళ డ్రైవింగ్ లైసెన్సు ఆరు నెలలు ఆగిపోవచ్చు. కన్నవాళ్ళో, చట్టప్రకారం సంరక్షకులో, 21 దాటిన భర్తో భార్యో ఎదురుగా ఉండి ఇస్తే మినహాయింపు ఉంది. అన్నయ్య తండ్రి తర్వాత తండ్రి అని మనం అంటాం, టెక్సస్ మాత్రం అనదు. పిన్నికైతే అసలే చోటు లేదు.

కొట్టువాళ్ళ భయం దీనికి నాలుగింతలు. మద్యం సంగతి చూసే టీఏబీసీ అనే శాఖ 21 నిండని కుర్రాళ్ళనే కొనుగోలుదారులుగా లోపలికి పంపి పరీక్షిస్తుంది. అమ్మిన క్యాషియర్ మీద కేసు, కొట్టు లైసెన్సుకీ ముప్పు. అందుకే చాలా కొట్లు చట్టం అడిగినదానికంటే ఒక గీత ముందే గీసుకుంటాయి: గుంపుగా వస్తే అందరి ఐడీ అడుగుతాయి. కౌంటర్లో మేం ఏం చూస్తామో చెబుతాను. సీసా ఎవరు ఎత్తారు, ఏ బ్రాండని ఎవరు వేలు చూపించారు, డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి మారింది. పార్కింగ్‌లో ఒకడు ఇంకొకడికి నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే అద్దంలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఫోన్‌లోంచి డబ్బు పంపే జెల్‌లో వాటా పంపుతూ దేనికన్న చోట బీర్ అని రాసే మహానుభావులూ ఉన్నారు. తెలుగులో మాట్లాడుకుంటే తెలియదనుకోకండి, ఇర్వింగ్‌లో కౌంటరుకి అటువైపు కూడా మనవాళ్ళే.

రూమ్మేట్లలో ఒక్కడికి 21 నిండకపోయినా ఆ ఒక్కణ్ణీ ఇంట్లో వదిలి వెళ్ళండి. మీరు పనిచేసే కొట్లో మటుకు సెలవు రోజున కూడా మద్యం కొనకండి. బయటివాళ్ళయితే బిల్లు ఆపి పంపేస్తారు, ఉద్యోగులైతే నీకు తెలియదా అని అడుగుతారు. పుట్టినరోజు ఇంట్లో ఒకటి, బళ్ళో వేసింది ఒకటి ఉన్నవాళ్ళు మనలో ఎందరో. అమ్మ లెక్కలో 21 దాటినా పదో తరగతి సర్టిఫికెట్లోంచి పాస్‌పోర్ట్‌కి ఎక్కిన తేదీయే ఇక్కడ లెక్క.

ఎఫ్1 మీద వచ్చే పిల్లలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పని క్యాంపస్ లోపలే, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అంతవరకే. బయట గ్యాస్ స్టేషన్లో చేతికి డబ్బు తీసుకుని చేసే పని వీసాకి విరుద్ధం. అలాంటిచోట ఇలాంటి గొడవొస్తే రెండు తప్పులూ ఒకేసారి బయటపడతాయి. నాలాగా హెచ్4 డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళు ఇలాంటి ఉద్యోగం చెయ్యొచ్చు. అయితే వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న అందరికీ ఒకటే.

లండన్ వైపు వెళ్ళేవాళ్ళకి గీత 18 దగ్గరుంటుంది, కాబట్టి ఎమ్మెస్సీ పిల్లలకి కొనడంలో ఇబ్బంది తక్కువ. కాకపోతే అక్కడ స్టూడెంట్ వీసా మీదే కొట్లో పని చెయ్యొచ్చు, చాలామంది చేరేదీ అందులోనే. అక్కడి కొట్లలో ఛాలెంజ్ 25 అని ఒక పద్ధతి ఉంది, పాతికేళ్ళకి తక్కువగా కనిపించే ఎవరినైనా ఐడీ అడగాలి. 18 నిండనివాడికి అమ్మిన క్యాషియర్‌కి అక్కడికక్కడ 90 పౌండ్ల జరిమానా పడొచ్చు. నివాస అనుమతి కార్డులు 2024 చివరితో పోయాయి, ఇప్పుడంతా ఆన్‌లైనే, అందుకని వయసు చూపించడానికి చేతిలో పాస్‌పోర్ట్ ఉండడం మేలు. కెనడాలో ఎక్కువ రాష్ట్రాలు 19 అంటాయి, క్యుబెక్, ఆల్బర్టా, మానిటోబా 18. ఆస్ట్రేలియా అంతటా 18.

మా వాడు నవంబరు 5న మా కొట్టుకే వచ్చాడు, నేను షిఫ్టులో ఉండగా. చుట్టాలకి మేం బిల్లు కొట్టకూడదు, అందుకని ఆ అమ్మాయి లైన్లో నిలబడ్డాడు. ఒక్క సీసా. పాస్‌పోర్ట్ తీసుకుని, తారీఖు మీద వేలు పెట్టి, నా వైపు చూసి నవంబరేనా అని అరిచింది. నవంబరే అన్నాను.