నీళ్లల్లో వాడిన టమాటా



మాది పట్టిసీమ. గోదావరి మధ్య వీరభద్రస్వామి కొండను రోజూ చూస్తూ పెరిగినవాణ్ణి. మా ఇంట్లో అందరికీ వరి తెలుసు. షేడ్‌నెట్ కింద టమాటా మాత్రం కొత్త. మా నాయనమ్మ దాన్ని ఇప్పటికీ రామ్ములక్కాయ అనే అంటుంది. కిందటేడు నాన్నగారు అప్పు చేసి పది సెంట్లలో వలపందిరి వేయించారు. కొబ్బరిపొట్టు నింపిన సంచుల్లో టమాటా నారు నాటారు. నెల తిరిగినా మొక్క జానెడు దాటలేదు. మధ్యాహ్నానికి తల వాల్చేసేది.

"ఏరా, బి.ఎస్సీ. చదువుతున్నావుగా, ఏం లోపమంటావు?" అని అడిగారు నాన్నగారు. ఆకు అడుగున ఊదారంగు చూసి, "భాస్వరం లోపం నాన్నగారూ, ఎరువు వేసి నీళ్లు పెంచండి" అని గొప్పగా చెప్పాను. రెండు పూటల నీళ్లు మూడు పూటలయ్యాయి. వారం తిరిగేసరికి నలభై మొక్కలు పోయాయి. అప్పుడు గాని ఒకదాన్ని పీకి చూడాలని నాకు తోచలేదు. తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. లాగితే పైతోలు ఊడివచ్చింది. సంచి అడుగు సగంలో వేరన్నదే లేదు, కుళ్లువాసన తప్ప.

వేరుకూ ఊపిరి కావాలి

ఆకు పగలు ఆక్సిజన్ తయారుచేసుకుంటుంది. వేరుకు ఆ వీలు లేదు. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోని గాలే దానికి ఆధారం. ఆ ఖాళీలు నీటితో నిండితే ఆక్సిజన్ అందడం దుర్లభం. ఎందుకనగా, నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కినకొద్దీ అదీ తగ్గుతుంది, వేరు శ్వాసక్రియ మాత్రం పెరుగుతుంది. మా సంచులు నల్లవి, అది వేసవి!

ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏ.టి.పి.లు వస్తాయి. లేకుంటే రెండే. ఆ రెండింటితో వేరుకొన ఎదగదు, మూలకేశాలు పుట్టవు, లవణాలు లోపలికి రావు. అందుచేత భాస్వరం పక్కనే ఉన్నా మొక్కకు అందదు. పైగా కణాల్లో ఆమ్లత్వం పెరిగి, నీరు పోయే దారులు మూసుకుంటాయి. అలా మొక్క నీళ్లల్లో నిలబడే వాడిపోతుంది. అది చూసి మనం ఇంకా నీళ్లు పోస్తాం!

మరి వరి ఎలా బతుకుతోంది?

ఇదే నాన్నగారు అడిగిన ప్రశ్న. వరి కాండంలోను, వేరులోను ఏరెంకైమా అనే గాలిగదులు ఉంటాయి. ఆకుల నుండి గాలి వాటిగుండా వేరుకొన దాకా దిగుతుంది. టమాటాకు ఆ ఏర్పాటు చాలా తక్కువ. వరి చేసే చేతితో టమాటాకు నీళ్లు పెట్టడమే మా పొరపాటు.

మొక్క ముందే కబురు చెబుతుంది. ముంపుకు గురైన టమాటా వేళ్లలో ఏ.సి.సి. అనే పదార్థం పోగవుతుంది. అది ఇథిలీన్‌గా మారడానికి ఆక్సిజన్ కావాలి. అది అక్కడ లేనందున దారువు గుండా ఆకులకు చేరి, అక్కడ ఇథిలీన్ అవుతుంది. దానివల్ల ఆకుకాడలు కిందికి వంగుతాయి. ఈ సంగతిని 1980లో కాలిఫోర్నియాలో బ్రాడ్‌ఫర్డ్, యాంగ్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. మా మొక్కలు అలాగే వంగాయి. నాకే చదవడం రాలేదు.

మేము చేసినది

సంచుల అడుగున బెజ్జాలు వేశాం. కొబ్బరిపొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది గనుక, కొత్త సంచుల్లో అందులో కాల్చిన ఊక కలిపాం. ముందుగా పొట్టును మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టాం. సంచి ఎత్తి చూసి, తేలికైతేనే నీళ్లు పెట్టాం. బతికి ఉన్న మొక్కల మొదళ్లకు పొట్టు ఎగదోశాం, టమాటా కాండం నుంచి కూడా వేళ్లు వేస్తుంది కదా! వేళ్ల మీద బుడిపెలుంటే అది నులిపురుగుల పని. దాని వైద్యం వేరు.

సుమారు సగం మొక్కలు నిలిచి కాశాయి. అప్పు తీరలేదు. పందిరి మాత్రం పీకెయ్యలేదు. ఇప్పుడు నేను ఏ మొక్క గురించి ఏం చెప్పబోయినా నాన్నగారు ముందుగా అడిగేది ఒకటే: "వేరు చూశావా?"

పొలం నుండి కాలేజీకి వచ్చిన మిత్రులారా, ఇంటి దగ్గర మన మాట నమ్మేవాళ్లున్నారు. కాబట్టి వేరు చూసిన తరువాతే చెబుదాం.